ఆ మాట మా ఇంట్లో అనకండి

ముందుగా పాఠకులు నన్ను మన్నించాలి. నేను పలక పట్టింది యాభై రెండో ఏట, సాయంత్రం పూట నడిచే పెద్దల బడిలో. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నిదానానికి విసుక్కోకండి. ఇక కథలోకి వస్తాను.

సరస్సును ఆక్రమించారని సర్కారు కొల్లేటి చెరువుల గట్లు తెగ్గొట్టించిన వేసవిలో ముత్యాలమ్మ వాళ్ళ వాటా చెరువు కూడా పోయింది. పొద్దున వచ్చిన పొక్లెయినర్ మధ్యాహ్నానికల్లా గట్టును నాలుగు చోట్ల కోసి వెళ్ళిపోయింది. ఎదగాల్సిన చేపపిల్ల నీళ్ళతో పాటు సరస్సులోకి జారుకుంది. నిలబడి చూసిన మగవాళ్ళు కొందరు ఏడ్చారు. ముత్యాలమ్మ మొగుడు పైడిరాజు ఏడవలేదు. ఇంటికి వచ్చి, ఒకప్పుడు చేపల వ్యాను తోలిన రోజుల్లో తీసుకున్న లైసెన్సును పెట్టె అడుగు నుంచి తీసి దులిపాడు.

ఆ ఏడాది చివర్లో, ముత్యాలమ్మ మెడలోవీ చేతులవీ పోగా, పాత ఇండికా కారు ఒకటి వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. బంగారం ఆమెది కాబట్టి బండి ఆమె పేరనే రాయించారు. పైడిరాజు రోజూ దాన్ని కైకలూరు టాక్సీ స్టాండులో పెట్టేవాడు. ఏలూరు ఆసుపత్రికి పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకి పోయేవాళ్ళు, తాడేపల్లిగూడెంలో రైలెక్కేవాళ్ళు, చెరువులు చూసుకోవడానికి ఉండి ఊరి వైపు నుంచి వచ్చే రైతులు, ఏదో ఒక బేరం తగిలేది. వాళ్ళకి సెంటు పొలం లేదు, చెరువు లేదు. ఆ నాలుగు చక్రాలు తిరిగితేనే ఇంట్లో ఎసరు మరిగేది.

రెండో ఏడు శివరాత్రి వెళ్ళాక ఒక పొద్దున, ఆలపాడు దాటి వస్తుంటే గూడబాతు ఒకటి లేవబోయి లేవలేక కారు ముందు అద్దానికి కొట్టుకుంది. గూడబాతంటే చిన్న పక్షి కాదు, మేకపిల్లంత బరువుంటుంది. అద్దమంతా సాలెగూడు అయిపోయింది. పైడిరాజు తల బయటికి పెట్టి దారి చూసుకుంటూ బండిని ఏలూరు షెడ్డుకి తోలుకుపోయాడు. మూడో రోజు సాయంత్రం కొత్త అద్దంతో తిరిగి వచ్చాడు.

"ఎంత వదిలింది మావా?" అని అడిగింది ముత్యాలమ్మ.

"మనకేం వదల్లేదు. నాగేశ్వరరావు గారొచ్చి ఏవో కాగితాలు రాయించాడు. షెడ్డోడికి కంపెనీ వాళ్ళే ఇచ్చుకుంటారంట."

"మంచోళ్ళే."

ఆమె కొత్త అద్దానికి ఓ మూల పసుపు రాసి బొట్టు పెట్టింది. అంతటితో ఆ సంగతి మర్చిపోయింది.

నాగేశ్వరరావు అంటే ఇన్సూరెన్సు ఏజెంటు. కైకలూరులో పెద్ద మనిషి, పని తెలిసిన మనిషి. కానీ నోరు మంచిది కాదు. ఆ డిసెంబరులో పాలసీ తిరిగి కట్టాల్సి వస్తే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆయనింటికి వెళ్ళారు. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వీళ్ళు మెట్ల కింద నిలబడ్డారు.

"ఏరా పైడిరాజూ! మీ ఆవిణ్ణి కూడా తీసుకొచ్చావేంట్రా? నువ్వొక్కడివే వస్తే కాగితం ఇవ్వననుకున్నావా?"

"బండి దాని పేరన ఉంది కదండి."

"ఆహా, ఓనరమ్మ గారన్నమాట! సరే, ఇవాళ తీరదు. సోమవారం రండి."

సోమవారం వెళ్తే బుధవారం రమ్మన్నాడు. బుధవారం వెళ్తే గుడికి వెళ్ళాడన్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ముత్యాలమ్మ గొణుగుతూనే ఉంది.

"నలభై ఎనిమిదేళ్ళ మనిషిని పట్టుకుని ఏరా అంటాడేంటి? మనమేమన్నా ఆయన పాలేర్లమా?"

"అందర్నీ అంతేలేవే. పని చేసిపెడతాడుగా."

"పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరా లోకంలో?"

ఉన్నారు. స్టాండులో పైడిరాజు పక్కన కారు పెట్టుకునే కృపావరం డిగ్రీ చదివిన కుర్రాడు. ఉద్యోగం దొరక్క స్టీరింగు పట్టాడు. అతని బండికి ఆ ఏడు ఏదో కొత్త ప్రైవేటు కంపెనీలో ఇన్సూరెన్సు చేయించాడు. "నాకు చాలా తక్కువలో అయింది బాబాయ్. ఏజెంటు ఇంటికొచ్చి రాసుకుంటాడు. మనం ఎవరి గుమ్మం దగ్గరా నిలబడక్కర్లేదు" అని ఆ ఏజెంటును పిలిపించాడు.

అలా వచ్చినవాడు షాకిర్. నలభై దాటిన మనిషి, ఏలూరు వాడు. ఇరవై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన దుకాణం అతనిది. సెల్‌ఫోన్లు వచ్చాక గడియారం పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయి, దుకాణం మూసి ఈ పనిలోకి దిగాడు. ఏ చిన్న అక్షరం చదవాల్సి వచ్చినా, కంటికి ఇంకా భూతద్దం ఉన్నట్టే ఒక కన్ను మూసుకుని చదివేవాడు.

వాకిట్లో స్కూటరు ఆపి, చెప్పులు బయట విడిచి, "పైడిరాజు గారండీ, ఉన్నారాండీ?" అని పిలిచాడు.

ముత్యాలమ్మ లోపల బియ్యం ఏరుతోంది. తన మొగుణ్ణి ఒకరు గారు అని పిలవడం ఆమె పెళ్ళయ్యాక వినడం అదే మొదలు. చేట పక్కన పెట్టి, పక్కింటికి వెళ్ళి కుర్చీ అడిగి తెచ్చి వేసింది. టీ పెట్టింది. షాకిర్ సంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఫారం పరిచి రాయడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, ఊరు, ఇంజను నంబరు, పాత పాలసీ నంబరు. పైడిరాజు అరుగు కింద కూర్చుని టైరులో ఇరుక్కున్న కంకర రాళ్ళు మేకుతో తీస్తున్నాడు.

"ఇంకొక్కటేనండి. ఈ గడిచిన ఏడాదిలో క్లెయిమ్ ఏమైనా తీసుకున్నారాండీ?"

ముత్యాలమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

ఇక్కడ మా కొల్లేటి ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. చేపలు పట్టేవాళ్ళ సొసైటీల్లో మగవాళ్ళందరికీ కలిపి ఒక ఇన్సూరెన్సు ఉండేది. దోనె తిరగబడో, పాము కరిచో, కరెంటు మోటారు పట్టుకునో మనిషి పోతే ఇంటి ఆడదానికి డబ్బు వచ్చేది. ఆ డబ్బునే క్లెయిమ్ అనేవాళ్ళు. ఇంకే డబ్బునీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఫలానా ఆవిడకి క్లెయిమ్ వచ్చిందంటే ఆవిడ బొట్టు చెరిగిందని అర్థం. ముత్యాలమ్మ వెనకింట్లో ఉండే గంగాభవాని ముప్పై ఏళ్ళకే క్లెయిమ్ తీసుకుంది. ఆడవాళ్ళు తిట్టుకునేటప్పుడు కూడా "నీ క్లెయిమ్ తిన" అనుకునేవాళ్ళు. ఆ మాట అన్నాక రెండిళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మాటలుండేవి కావు.

అలాంటి మాటను పొద్దున్నే, ఎదురుగా మొగుణ్ణి పెట్టుకుని, నవ్వు మొహంతో అడిగాడు షాకిర్.

"లేదు! లేదండి!" అంది ముత్యాలమ్మ. గ్లాసు ఠక్కున గచ్చు మీద పెట్టేసింది. "మేమేం తీసుకోలేదు. మా పసుపు కుంకాలు చల్లగా ఉన్నాయి. ఆ మాట మా ఇంట్లో అనకండి."

షాకిర్ బిత్తరపోయాడు. "తప్పుగా అనుకోకండక్కా. ఫారంలో ఉందని అడిగానండి." అని పైడిరాజు వైపు చూశాడు.

పైడిరాజు తల ఎత్తలేదు. టైరులోంచి రాయి ఒకటి ఊడి టప్పున దూరంగా పడింది. "ఆవిడ చెప్పింది కదండి. రాసుకోండి."

షాకిర్ ఫారంలో "లేదు" అని ఉన్నచోట గీత పెట్టాడు. "అయితే మీకు బోనసు తగ్గింపు వస్తుందండి. పాత కంపెనీ కంటే బాగా తక్కువ పడుతుంది" అన్నాడు. ముత్యాలమ్మ ఎడమచేతి బొటనవేలికి తనే సిరా రాసి, ఫారం మీద జాగ్రత్తగా అద్దించి, తుడుచుకోవడానికి తన రుమాలు ఇచ్చాడు. ఆమెకు కోపం కాస్త దిగింది. మాట తెలియని మనిషి కానీ మర్యాద తెలిసిన మనిషి అనుకుంది.

నాగేశ్వరరావుకి సంగతి తెలిసి స్టాండులో పైడిరాజును ఆపాడు. "ఏరా, కంపెనీ మార్చావంటగా? వెళ్ళు, వెళ్ళు. నీ బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ నా దగ్గరున్నాయి. కొత్తవాడికేం తెలుసురా?" అన్నాడు. పైడిరాజు ఆ రోజు ఇంటికి వచ్చి ఈ మాట చెబితే ముత్యాలమ్మ పకపకా నవ్వింది. "కుళ్ళు మావా, కుళ్ళు" అంది.

జనవరి నెలలో పొగమంచు విపరీతంగా పడింది. ఒక తెల్లవారుజామున పైడిరాజు బేరాన్ని తాడేపల్లిగూడెం స్టేషనులో దించి ఖాళీగా వస్తున్నాడు. ఉంగుటూరు దాటాక మంచులోంచి గేదెల మంద అడ్డం వచ్చింది. వాటిని తప్పించబోయి బండిని కాలువలోకి దింపేశాడు. మనిషి కిటికీలోంచి ఈదుకుంటూ బయటపడ్డాడు. మోచేయి దోక్కుపోవడం తప్ప దెబ్బలేం తగల్లేదు. బండి మాత్రం గట్టు రాళ్ళకి ఒక పక్కంతా నలిగి, పైకప్పు దాకా మునిగిపోయింది.

అతను ఇంటికొచ్చి సంగతి చెప్పగానే ముత్యాలమ్మ ముందు మొగుణ్ణి ఒళ్ళంతా తడిమి చూసుకుంది. తరవాత కాళ్ళు చాపుకుని కూర్చుని గట్టిగా ఏడ్చింది. మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుంది.

"ఇన్సూరెన్సు ఉంది కదా మావా. భయమెందుకు?"

పైడిరాజు తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. చావు తప్పించుకుని వచ్చిన మనిషి కదా, బెదిరిపోయాడు అనుకుంది ఆమె.

షాకిర్ ఆ పూటే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాలువ బురదలో దిగి, క్రేను వాడికి తాడు కట్టడంలో సాయం పట్టాడు. బండిని ఏలూరు షెడ్డుకి చేర్పించాడు. కంపెనీ పంపిన సర్వేయరు ఫోటోలు తీసుకున్నాడు. ఇంజను, కప్పు, తలుపులు అన్నీ మార్చాలని రాసుకుని వెళ్ళాడు. "నెల రోజుల్లో తేలిపోతుందక్కా" అన్నాడు షాకిర్. ఆ నెల రోజులూ పైడిరాజు వేరే వాళ్ళ బండ్లకి బదులు డ్రైవరుగా వెళ్ళాడు. ముత్యాలమ్మ కైకలూరులో చేపలు ఐసుపెట్టెలకి ఎత్తే పనికి వెళ్ళింది.

నెల తరవాత రిజిస్టరు ఉత్తరం వచ్చింది. అంతా ఇంగ్లీషు. కృపావరం కారు బానెట్టు మీద పరిచి చదివాడు. చదువుతూ చదువుతూ అతని గొంతు తగ్గిపోయింది.

"ఇవ్వరంట బాబాయ్."

"ఎందుకివ్వరు?" అంది ముత్యాలమ్మ.

"పోయిన ఏడాది మీరు పాత కంపెనీలో క్లెయిమ్ తీసుకున్నారంట. ఈ ఫారంలోనేమో తీసుకోలేదని రాశారంట. క్లెయిమ్ తీసుకోనివాళ్ళకిచ్చే బోనసు తగ్గింపును అబద్ధం చెప్పి పొందారు కాబట్టి బండికి ఏమీ ఇవ్వమని రాశారు పిన్నీ."

"మేము క్లెయిమ్ తీసుకోవడమేంటి? మా ఇంట్లో ఎవరు పోయారు? ఎవరి పేరో మా మీద వేశారు. సరిగ్గా చదువు."

"విండ్‌స్క్రీన్ అని ఉంది. ముందు అద్దం. తారీకు కూడా ఉంది, మార్చి నెల."

ముత్యాలమ్మకి అప్పుడు తట్టింది. గూడబాతు. "అద్దం వేయించడం క్లెయిమా?" అని అడిగింది. మాట సగమే పైకి వచ్చింది. కృపావరం తల ఊపాడు. "కంపెనీ ఏది ఇచ్చినా, ఎవరి చేతికిచ్చినా క్లెయిమే పిన్నీ."

ఆమె స్టాండులోనే నేల మీద కూలబడింది. లేదు లేదని అరిచింది తనే కదా. ఆ రోజు తన నోరు కాస్త ఊరుకుంటే బండి ఈపాటికి వాకిట్లో ఉండేది. పైడిరాజు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ముంచేశావే" అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టే ఆమెకు ఎక్కువ తగిలింది.

ఊళ్ళో మాట పొక్కడానికి ఎంతసేపు? మర్నాటికే కుళాయి దగ్గర ఆడవాళ్ళు మొదలుపెట్టారు. "కాలువలో ముంచింది మొగుడు కాదంట, పెళ్ళామంట!" అని ఒకామె అంటే, "మొగుడు స్టీరింగు తిప్పాడు, ఈవిడ నాలుక తిప్పింది" అని ఇంకొకామె అందుకుంది. ముత్యాలమ్మ బిందె సగమే నింపుకుని వచ్చేసింది.

ఉత్తరం కింద ఒక దారి చూపించారు. చెప్పుకోవాల్సింది ఉంటే పదిహేను రోజుల్లో ఏలూరు ఆఫీసుకి వచ్చి చెప్పుకోమన్నారు. కృపావరం ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు.

"ఫారం నింపింది ఏజెంటు. పిన్నికి చదువు రాదు. ఆ ప్రశ్న అసలు అడగనే లేదు, ఆయనే గీతలు పెట్టుకుని వేలిముద్ర వేయించుకున్నాడు అని చెప్పండి. వాళ్ళ మనిషి అడక్కపోతే తప్పు వాళ్ళదే అవుద్ది. ఇవ్వక చస్తారా?"

"అడిగాడు కదరా" అంది ముత్యాలమ్మ.

"అడిగాడని నీకూ, బాబాయికీ, అతనికీ తెలుసు. ఇంకెవరికి తెలుసు పిన్నీ?"

పైడిరాజు ఆ మాట పట్టుకున్నాడు. అన్నం తింటున్నా అదే, చుట్ట కాలుస్తున్నా అదే. "ఒక్క ముక్క. అడగలేదండి అను చాలు. నీ నోటితో పోగొట్టావు, నీ నోటితోనే తెచ్చుకో." ఆమె సరే అనలేదు, కాదనలేదు. పోగొట్టింది తనే అయినప్పుడు కాదనే మొహం ఎక్కడిది?

ఆఫీసుకి వెళ్ళే ముందు రోజు షాకిర్ వచ్చాడు. పైడిరాజు ఇంట్లో లేడు. షాకిర్ అరుగు మీద కూర్చోలేదు. కుర్చీ తెస్తానంటే వద్దన్నాడు.

"అక్కా, కృపావరం గారు నాతో అన్నారండి. మీరు ఏం చెప్పబోతున్నారో."

ముత్యాలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మీరలా చెబితే నా ఏజెంటు కోడు తీసేస్తారండి. ఇంకే కంపెనీ వాళ్ళూ పని ఇవ్వరు. దుకాణం ఎప్పుడో అమ్మేశాను. ఇంట్లో నలుగురు ఆడపిల్లలండి. అలాగని నా తప్పు లేదనడం లేదు. మీరు కోప్పడగానే భయపడ్డాను. ఇంకోసారి విడమరిచి అడిగితే పాలసీ చెయ్యననేస్తారేమో అనుకున్నాను. అడగాల్సింది. అది నా తప్పేనండి."

"మీ మాట నాకు వేరేలా వినపడింది" అని, ముత్యాలమ్మ తమ ఊళ్ళో ఆ మాటకున్న అర్థం చెప్పింది. షాకిర్ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు.

"అయ్యో, నాకు తెలియదక్కా. అంత మాట ఎలా అడుగుతానండి? మా ఇళ్ళల్లోనూ అలాంటి మాట నోట రానివ్వరు."

అతను వెళ్ళేటప్పుడు నిజం చెప్పమని అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

మర్నాడు ముగ్గురూ ఆఫీసులో మేనేజరు బల్ల ముందు కూర్చున్నారు. మేనేజరు ఒక ఆడమనిషి. విశాఖపట్నం వైపు యాస. వీళ్ళకి మంచినీళ్ళు తెప్పించి, ఫారం తిప్పి చూపించింది.

"ఈ గీత ఎవరు పెట్టారు?"

"నేనేనండి" అన్నాడు షాకిర్.

"అడిగి పెట్టారా, అడక్కుండా పెట్టారా?"

షాకిర్ నోరు తెరిచేలోపే పైడిరాజు అందుకున్నాడు. "అడగలేదండి. గబగబా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. మాకు చదువు లేదు కదండి. అడిగుంటే చెప్పకపోదుమా?"

షాకిర్ ఒక కన్ను మూసుకుని బల్ల మీద ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

"బండి మీ పేరన ఉందమ్మా. మీరు చెప్పండి. అడిగారా?"

ముత్యాలమ్మ గ్లాసు ఎత్తి, తాగకుండానే బల్ల మీద పెట్టేసింది. పక్కన మొగుడి మోకాలు ఆమె మోకాలికి తగిలింది. తగిలించాడో తగిలిందో. ఆమెకు షెడ్డులో ఒక పక్కకి ఒరిగి ఉన్న బండి కనపడింది. ఐసుపెట్టెల దగ్గర పగిలిన తన చేతులు కనపడ్డాయి. ఈ షాకిర్ తన మొగుణ్ణి గారు అన్నాడు. దానికి తాను ఏం చెయ్యబోతోంది?

"అడిగాడండి" అంది.

మొగుడి మోకాలు పక్కకి జరిగింది.

"అడిగాడు. నేనే లేదన్నాను. మా ఊళ్ళో క్లెయిమంటే మొగుడు పోతే వచ్చే డబ్బండి. పొద్దున్నే అలా అడిగేసరికి ఒళ్ళు మండి లేదు లేదని అరిచాను. అద్దం సంగతి నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చినా అది క్లెయిమని నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టండి."

మేనేజరు ఫారం తన వైపు తిప్పుకుని షాకిర్‌ని అడిగింది. "ఆ మాటకి అర్థం ఏంటో వీళ్ళకి చెప్పారా?"

"లేదండి. చెప్పలేదు."

"ఇదంతా రాసి పై ఆఫీసుకి పంపిస్తానమ్మా. నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. కానీ నమ్మకం ఒకటి, రూలు ఒకటి. అడిగారు, లేదన్నారు. అంతవరకే చూస్తారు వాళ్ళు. ఆశ పెట్టుకోకండి."

ముత్యాలమ్మ చెప్పినదంతా మేనేజరు తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంది.

కైకలూరు బస్సులో పైడిరాజు వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ముత్యాలమ్మ ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. దిగాక కూడా పది అడుగులు ముందే నడిచాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. వడ్డించు, తలుపు వెయ్యి, అంతవరకే. మూడు వారాలకి పై ఆఫీసు ఉత్తరం వచ్చింది. రెండే వరుసలు. షాకిర్‌కి ఏమీ కాలేదు, గట్టిగా చీవాట్లు పెట్టి వదిలేశారు. బండికి మాత్రం ఏమీ రాదు.

షెడ్డువాడు బండిని సామాన్ల కింద కొనుక్కున్నాడు. పైడిరాజుకి ఉండి దగ్గర ఒక రైతు చెరువుల మీద పని కుదిరింది. చేపలకి మేత వెయ్యడం, గట్టు మీద పాకలో కాపలా ఉండడం. నెలకోసారి ఇంటికి రావచ్చు. ఒకప్పుడు తనకీ చెరువు ఉండేదని అక్కడ ఎవరికీ చెప్పొద్దనుకున్నాడేమో, పాత స్నేహితులెవర్నీ కలవకుండా బయల్దేరాడు.

వెళ్ళే రోజు పొద్దున ముత్యాలమ్మ అతని బట్టలు మూట కడుతోంది. కట్టింది విప్పి మళ్ళీ కట్టింది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఏదో ఒకటి తిట్టు మావా. ఇలా మూగనోము పట్టి వెళ్ళిపోకు. నాకు నిజంగా ఆ మాట తెలీదు. నమ్మవా?"

పైడిరాజు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"నమ్ముతాను."

"మరి?"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అద్దం క్లెయిమని. షెడ్డులో నీ బదులు నేను సంతకం పెట్టినప్పుడు నాగేశ్వరరావు గారు చెప్పాడు. ఇది క్లెయిమురా, ఈ ఏడు నీకు బోనసు పోయినట్టేరా అని."

ముత్యాలమ్మ చేతిలో మూట ముడి సడలిపోయింది.

"మరి ఆ రోజు టైరు దగ్గరే ఉన్నావుగా."

"నువ్వు అంత గట్టిగా లేదన్నావు. నిన్ను అడిగాడు గానీ నన్ను అడగలేదనుకున్నాను. తక్కువలో అయిపోద్దిలే అనుకున్నాను. అబద్ధం నేను ఆడక్కర్లేకుండా పోయిందని సంతోషపడ్డాను కూడా."

"కాలువలో పడ్డాక?"

"అప్పట్నుంచీ నిద్రలేదు."

"ఆఫీసులో? నేను అన్నీ నెత్తినేసుకుని ఏడుస్తుంటే?"

అతను ముందుకు వంగి కాళ్ళకి చెప్పులు తొడుక్కున్నాడు. తొడుక్కున్నాక కూడా వంగే ఉన్నాడు. వీపు కదిలింది. చెరువు తెగిన రోజున కూడా ఏడవని మనిషి ఏడుస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి ఆ వీపు మీద చెయ్యి వెయ్యాలనిపించలేదు. వెయ్యకూడదనీ అనిపించలేదు. మూట మళ్ళీ ముడి వేసింది.

బస్సు స్టాపు దాకా వెంట నడిచింది. ఈసారి అతను ముందు నడవలేదు. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు, ఆమె ఏదో అంటుందని.

"పచ్చడి సీసా పైన పెట్టాను. ఒలకబోసుకోకు" అంది.

బస్సు కదిలింది. కుళాయి దగ్గర నీళ్ళ కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. అందులో ఒకామె గొంతు పెంచింది.

"ఏమ్మా ముత్యాలమ్మా, పంపేశావా మొగుణ్ణి ఊరుగాని ఊరు? తప్పు చేసింది నువ్వు, శిక్ష ఆయనకా?"

బస్సు ఇంకా కనపడుతూనే ఉంది. ఉన్న సంగతి చెబితే రేపు నెలాఖరుకి అతను ఈ కుళాయి పక్కనుంచే తల వంచుకుని నడిచి రావాలి. ఆఫీసులో ఎవరి కోసమో నిజం చెప్పిన నోరు ఇప్పుడు తెరుచుకోవడానికి కాసేపు పట్టింది.

"అవునమ్మా. తప్పు నాదే" అంది ముత్యాలమ్మ. ఇంత వ్యవహారంలోనూ ఆమె తెలిసి ఆడిన అబద్ధం అదే. ఆడేసి, చీర కొంగు నడుముకి దోపుకుని, ఐసుపెట్టెల పనికి ఆలస్యమైపోతోందని కైకలూరు రోడ్డు వైపు తిరిగింది.

రామలక్ష్మి,
వయసు అరవై ఒకటి,
ఇప్పుడు ఉంటున్నది తాడేపల్లిగూడెంలో.